పరదేశపు వాద్యాలు – మన పాటకచేరీలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా వ్రాయవలసిందని కార్యదర్శిగారు కోరారు. డి.ఏ. బకాయిల గురించి, పే రివిజన్ల చరిత్ర గురించి నాకంటె బాగా వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. వారి జోలికి పోను. రెవెన్యూ శాఖలో ముప్పై ఎనిమిదేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినా, నాకు చిన్ననాటి నుంచి ఉన్న వ్యసనం ఒక్కటే, సంగీతం వినడం. పాడడం రాదు, వాయించడం అంతకంటె రాదు. వినేవాడిగా నాకు తెలిసిన నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

విదేశంలో చదువుకుంటున్న మా మనవరాలు ఆ మధ్య ఒక కచేరీ రికార్డింగు పంపింది. బసూన్, పియానో జంట కచేరీ. బసూన్ అనే వాద్యం పేరు మనలో చాలామంది విని ఉండరు. అది గాలివాద్యం. చెక్కతో చేసిన గొట్టం, సాఫీగా చాపితే ఎనిమిది అడుగుల పైచిలుకు ఉంటుంది. అంత పొడవు పట్టుకోలేరు గనుక మధ్యకు మడిచి నాలుగు ముక్కలుగా బిగిస్తారు. చూడడానికి వంటచెరకు మోపు భుజాన పెట్టుకున్నట్లు ఉంటుంది. ఊదేచోట రెల్లుపుల్లలు రెండు, ఒకదాని మీద ఒకటి కట్టి ఉంటాయి. ఆ రెంటి మధ్య నుంచి గాలి పోతే నాదం పుడుతుంది. మన సన్నాయి పీక కూడా సరిగ్గా ఇదే సూత్రం. కాబట్టి బసూన్ సన్నాయికి దూరపు చుట్టమే. కాకపోతే గొంతు బొంగురు. సన్నాయి పెళ్లిపందిట్లో అత్తగారిలా ఊరంతా వినిపించేలా పలికితే, బసూన్ అరుగు మీద కూర్చున్న పెద్దాయనలా సన్నసన్నగా గొణుగుతుంది. రష్యా దేశపు ప్రోకోఫీవ్ 1936లో పిల్లల కోసం ఒక సంగీత కథ కూర్చి, అందులో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వాద్యం ఇచ్చాడు. తాతగారి పాత్రకు ఇచ్చిన వాద్యం బసూన్! మన సంఘానికి దీనిని అధికార వాద్యంగా ప్రకటించుకోవచ్చునని నా మనవి.

ఆ రికార్డింగులో వారు వాయించినది ఫ్రాన్సు దేశపు సంగీతకారుడు సాన్-సాన్స్ 1921లో వ్రాసిన కృతి. అప్పటికి ఆయనకు ఎనభై అయిదేళ్లు. ఆ ఏడాది డిసెంబరులోనే కాలం చేశాడు. చివరి ఏట కూర్చుని, ఓబోకు ఒకటి, క్లారినెట్‌కు ఒకటి, బసూన్‌కు ఒకటి చొప్పున మూడు కచేరీ కృతులు పియానో తోడుతో వ్రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోని గాలివాద్యాలకు నాలుగు మంచి కృతులు ఉండాలన్నది ఆయన ఉద్దేశం. రిటైరయ్యాక ఏం చేయాలో తోచదు అనే మిత్రులు ఈ సంగతి గమనించగలరు.

వింటుంటే నాకొక ప్రశ్న పుట్టింది. ఆంగ్లేయుల పటాలాల బ్యాండ్లలో పద్దెనిమిదో శతాబ్దం నాటికే ఓబోలు, క్లారినెట్లు, కొమ్ములతో పాటు ఈ బసూన్ కూడా ఉండేది. అదే పటాలాల వెంట, అవే ఓడల్లో వచ్చిన ఫిడేలు మన ఇంటిదైపోయింది. క్లారినెట్ మన బ్యాండు మేళాల్లో చేరింది. మాండొలిన్‌ని మన పాలకొల్లు కుర్రవాడు ప్రపంచమంతా తిప్పాడు. బసూన్, పియానో మాత్రం మన పాటకచేరీ గుమ్మం ఎందుకు ఎక్కలేదు? ఎక్కినవాటికి మనం ఏమి ఇచ్చాం, వాటి రాకతో మనవాళ్లలో ఎవరు ఏమి పోగొట్టుకున్నారు?

ముందు ఫిడేలు సంగతి. త్యాగరాజస్వామి కాలంలోనే మద్రాసు కోటలో ఆంగ్లేయుల బ్యాండు వాయించేది. ముత్తుస్వామి దీక్షితులవారు ఆ బ్యాండు మట్లు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. అవే నోట్టుస్వరాలు. ఆంగ్లేయుల రాజగీతం మట్టు మీద కూడా ఒక దేవతా స్తుతి ఉందంటే ఆయన గుండె ధైర్యం ఎంతటిదో చూడండి. దొరలు తమ రాజుకు జయం పలికే బాణీలో ఈయన అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) ఒక ఐరోపావాసి దగ్గర ఫిడేలు నేర్చుకుని దానిని మన సంగీతానికి మలిచారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలు కూడా దీనిని పట్టుకున్నారు. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ ఆయనకు 1834లో దంతపు ఫిడేలు బహూకరించారు.

దొరలు ఫిడేలును నిలబడి, గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్లు చాప మీద బాసింపట్టు వేసి, దాని తలను కాలి మడమ మీద ఆనించారు. మార్పు చూడడానికి చిన్నదే గాని, ఎడమచేయి వాద్యాన్ని మోయనక్కరలేకుండా పోయింది. వేళ్లు తీగ మీద పైకి కిందకి స్వేచ్ఛగా జారే వీలు చిక్కింది. గమకం పలకాలంటే జారుడు కావాలి. మన స్వరం స్తంభంలా ఒకచోట నిలబడదు. ఉయ్యాలలా ఊగుతుంది. ఫిడేలుకు మెట్లు లేవు గనుక ఎంత ఊగమంటే అంత ఊగింది. ఇంటి పద్ధతి నేర్చుకున్న కోడలిని ఎవరు మాత్రం కాదంటారు!

ఈ కోడలికి తెలుగునాట పట్టాభిషేకం చేసినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. 1893లో పుట్టారు. చూపు సరిగా ఆనేది కాదు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అంతవరకు గాయకుడి వెనుక కూర్చునే వాద్యాన్ని ముందుకు తెచ్చి ఒంటి కచేరీలు చేశారు. పాశ్చాత్య విద్వాంసుల వాయింపును కూడా ఆయన శ్రద్ధగా వినేవారు. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి ఫిడేలు విని పరవశించాడు. ఫిడేలు పుట్టినింటివాడు దాని మెట్టినింటికి వచ్చి యోగక్షేమాలు కనుక్కుని వెళ్లినట్లయింది.

మన ఏలూరు మాట వస్తే, పక్కనున్న సోమవరప్పాడులో 1926లో పుట్టినవారు అన్నవరపు రామస్వామిగారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి సహాధ్యాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైనది లగాయతు దశాబ్దాల పాటు అక్కడ ఫిడేలు వాయించారు. 2021లో పద్మశ్రీ ఇచ్చారు, అప్పటికి వారికి తొంభై అయిదేళ్లు. మన వయసువాళ్లకు పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వింటూ స్నానానికి నీళ్లు కాచుకున్న జ్ఞాపకం ఉంటుంది. ఆ పాటల వెనుక మెత్తగా పలికిన తీగలకు మన ఊరి పొలిమేరలతో ఇంత సంబంధం ఉందని ఆనాడు నాకు తెలియదు. బాలమురళిగారు తాము కూడా వయోలా అనే పెద్ద ఫిడేలును పట్టి మన సంగీతం పలికించారు.

ఇక్కడ ఒక గుమాస్తా పాయింటు. ఫిడేలు విద్వాంసుడికి రేడియో ఉద్యోగం ఇచ్చింది. సంగీత కళాశాల కూడా ఇచ్చింది. హాజరుపట్టీ, జీతపు బిల్లు, సర్వీసు రిజిస్టరు, చివరకు పెన్షను. పరదేశం నుంచి వచ్చిన వాద్యానికి మన ప్రభుత్వ కొలువులో ఇంత చోటు దొరికింది. దీనిని కాస్త గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. మళ్లీ ఈ మాటకు వస్తాను.

పియానో సంగతి వేరు. ఇటలీలో ఫ్లారెన్సు నగరంలో క్రిస్టోఫోరీ అనే ఆయన 1700 ప్రాంతంలో దీనిని తయారుచేశాడు. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగను కొడుతుంది. ఎనభై ఎనిమిది మెట్లు. ఏ మెట్టు స్వరం దానిదే. రెండు మెట్ల మధ్య ఉన్న జాగాలో పియానోకు ఏమీ లేదు, మన సంగీతం ప్రాణమంతా అక్కడే ఉంది. అందుచేత పియానో మనకు సినిమాలలో జమీందారు బంగళా హాలులో కనిపించింది గాని కచేరీ వేదిక మీదకు రాలేదు. తరువాతి కాలంలో ఒకరిద్దరు దానిని కర్ణాటక సంగీతానికి జతచేసి మెప్పు పొందారు. కాని అది ఇంటింటి వాద్యం కాలేదు.

పియానోకు ఉన్న ఇదే లోపం హార్మోనియానికీ ఉంది. ఫ్రాన్సులో పుట్టి, కలకత్తాలో కురచదై, చేతిపెట్టెగా మన దగ్గరకు వచ్చింది. గమకం పలకదని 1940లో ఆకాశవాణి దీనిని బహిష్కరించింది. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. ముప్పై ఏళ్లు! ఢిల్లీలో ఉత్తర్వులు ఏమైనా, మన ఊళ్లలో పద్యనాటకం హార్మోనియం లేనిదే తెర లేవలేదు. కాలితో తొక్కే హార్మోనియం మీద మేష్టారు శ్రుతి అందిస్తే, తెర వెనుక నుంచే రాగం అందుకుంటూ వచ్చే కృష్ణుణ్ని చూడడానికి తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. సర్కారు ఉత్తర్వు జారీ అవడం వేరు, అమలు అవడం వేరు అన్న సంగతి మనకంటె ఎవరికి తెలుసు! పియానోకు దొరకని ప్రవేశం దాని పేదచుట్టానికి దొరికింది. అది చవక, భుజాన వేసుకుని పోవచ్చు, రాత్రంతా నిలబడి పద్యం పాడేవాడికి ఊపిరి అందిస్తుంది.

బసూన్‌కు వద్దాం. జర్మనీవారు పందొమ్మిదో శతాబ్దంలో బాగుచేసిన నేటి బసూన్ మీద ఇరవైకి పైగా మీటలు ఉంటాయి. మీట కదిలితే రంధ్రం పూర్తిగా మూసుకోవడమో, పూర్తిగా తెరుచుకోవడమో జరుగుతుంది. సగం మూయడం, కొంచెం కొంచెంగా తీయడం కష్టం. సన్నాయి మీద మీటలు లేవు. వాయించేవి ఏడు రంధ్రాలు, వాటి మీద వాయించేవాని ఒట్టి వేళ్లు. వేలు ఎంత జరిపితే స్వరం అంత కదులుతుంది. పెదవి బిగింపుతో, ఊపిరి ఒత్తిడితో మిగిలినది సాధిస్తారు. ఎవరినైనా తేలిగ్గా ఎత్తిపొడిస్తే సన్నాయి నొక్కులు నొక్కుతున్నాడంటాం గదా. ఆ మాట పుట్టిన చోట ఎంత కష్టం ఉందో ఎవరూ తలచుకోరు. నా ఊహ ఏమంటే, మన దగ్గర అప్పటికే సన్నాయి ఉండగా, దానిలో నాలుగోవంతు గమకం పలకని, పదిరెట్లు ఖరీదైన, మీట విరిగితే బాగుచేసే కంసాలి దొరకని వాద్యం మనకు అక్కరలేకపోయింది. సన్నాయి ఖాళీ అయి ఉంటే బసూన్‌కు చోటు దొరికేదేమో!

సన్నాయి పీక గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. బసూన్‌కు పుల్లలు ఐరోపాలో మధ్యధరా తీరపు రెల్లు నుంచి వస్తాయి. మన నాదస్వరానికి పీకలు కావేరి ఒడ్డున పెరిగే ఒక రకం రెల్లు నుంచి చేస్తారు, తిరువావడుతురై వాటికి పేరుపడ్డ ఊరు. రెండు చోట్లా విద్వాంసుడి కష్టం ఒకటే. పదిటిలో ఒకటి మంచిది తగులుతుంది, ఆ ఒక్కటీ నాలుగు రోజులు పలికి చచ్చిపోతుంది. కచేరీకి ముందు నోట్లో పెట్టుకుని తడుపుతూ కూర్చోవడం అక్కడా ఇక్కడా సమానమే.

మా అమ్మగారి పుట్టిల్లు కొల్లేరు అంచున లంక గ్రామం. వానాకాలం నీళ్లు నిండితే రోడ్డు ఉండదు. పెళ్లివారు తాటిదోనెల మీద వచ్చేవారు. ముందు దోనెలో మేళం. సన్నాయి, డోలు, ఒత్తు. నీటి మీద శబ్దం ఎంత దూరం పోతుందో ఆ వైపు పనిచేసిన మిత్రులకు తెలుసు. దోనె కనిపించక ముందే, తుంగ అవతల నుంచి సన్నాయి వినిపించేది. వంటవాళ్లు పప్పు దించేవారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకు ఫాల్గుణ మాసంలో ఎటు చూసినా దోనెలే, ఎటు విన్నా మేళాలే. మన గోదావరి జిల్లాల్లో ఈ విద్య ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాలది. గుంటూరు, ప్రకాశం జిల్లాల వైపు ముస్లిం కుటుంబాలు తరతరాలుగా గుళ్లలో వాయిస్తూ వచ్చాయి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానాగారు తంజావూరు సీమకు పోయి అక్కడి బాణీ కూడా నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని ఊళ్లో సన్నాయి బడి పెట్టారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి. 1999లో గతించారు. వాద్యానికి పుట్టినిల్లని చెప్పుకునే చోటికి తెలుగుదేశం నుంచి వెళ్లి, అక్కడివారి చేత శభాష్ అనిపించుకోవడం సామాన్యం కాదు.

అంతటివారు ఒకరిద్దరు. మిగిలినవారు ఊరి గుడిని నమ్ముకున్న బజంత్రీలు. వారికి ఆధారం సర్వీసు ఇనాం. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఊరూరా ఏ భూమి ఎవరికి ఏ సేవ నిమిత్తం ఉన్నదో విచారించి ఫెయిర్ రిజిస్టర్లు వ్రాయించింది. ఆ పెద్ద పుస్తకాలు తిరగవేసిన చేతులు మన సంఘంలో ఇంకా ఉన్నాయి. అర్చక సేవ, స్వస్తివాచకం, దీపారాధన, బజంత్రీ. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క జీవితం. ఎకరమో, అరెకరమో. తెల్లవారకముందు గుడి తలుపు తీసేవేళకు, మళ్లీ పవళింపు వేళకు సన్నాయి ఊదాలి. అదే షరతు. నా దృష్టిలో అది ఆనాటి జీతపు స్కేలు.

1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఆ తరువాత పందొమ్మిది వందల ఎనభై ఏడు నాటి దేవాదాయ చట్టం గుళ్లలో అర్చకులు మొదలు సేవకుల వరకు అందరి వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. తండ్రి వాయించాడు గనుక కొడుకు రాకపోయినా గుళ్లో కూర్చోవాలనే పద్ధతి మంచిదని నేను అనను. ఆ హక్కు పేరు చెప్పి పీక పట్టని వాళ్లు కౌలు తిన్న ఫైళ్లు నేనే స్వయంగా నోటు వ్రాసి పైకి పంపాను. కాని హక్కు తీసేసిన చోట జీతం పెట్టడం పెద్ద గుళ్లకే సాధ్యమైంది. ద్వారకా తిరుమల వంటి క్షేత్రంలో మేళం నిలిచింది. తిరుపతిలో దేవస్థానం వారు నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతున్నారు. హుండీలో చిల్లర తప్ప పడని ఊరిగుడి మాటేమిటి? అక్కడ గోడకు కరెంటు నగారా బిగించారు. మీట వేస్తే అదే డోలు, అదే గంట.

రెండో దెబ్బ పెళ్లిళ్లలో పడింది. నేను 1970లలో తాడేపల్లిగూడెం తాలూకా ఆఫీసులో ఉండేవాణ్ని. ముహూర్తాల రోజుల్లో బ్యాండు సెట్లవాళ్లు ఎర్రకోట్లు, జలతారు టోపీలు వేసుకుని బస్టాండు దగ్గర నిలబడేవారు. ముందువరుసలో క్లారినెట్. ఆ క్లారినెట్ పట్టినవాళ్లలో సగంమంది సన్నాయి కుటుంబాల పిల్లలే. సన్నాయికి పదేళ్ల సాధన కావాలి, క్లారినెట్ మీద రెండేళ్లలో సినిమా పాట పలుకుతుంది, కూలి ఎక్కువ వస్తుంది. తప్పెవరిదని అడిగితే నేను చెప్పలేను. ఆ పిల్లవాడు పొట్ట చూసుకున్నాడు. ఆ తరువాత ఆ బ్యాండును కూడా మైకుపెట్టెలు మింగేశాయి. ఇప్పుడు కొన్ని పెళ్లిళ్లలో మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం సెల్‌ఫోను నుంచి వస్తున్నది. పురోహితుడుగారు వేలెత్తి చూపగానే ఎవరో కుర్రవాడు తెర మీద వేలు నొక్కుతున్నాడు.

ఇంత చెప్పి పాలకొల్లు మాండొలిన్ మాట చెప్పకపోతే అన్యాయం. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్ ఆరేళ్ల వయసులో చేత పట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్‌గారి శిష్యులు. తమాషా ఏమిటంటే సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రవాడు పాడినది పాడినట్లు తీగ మీద దించేవాడు. ఈ వాద్యానికి కర్ణాటక సంగీతంలో ముందు నడిచిన దారి లేకపోవడం ఆ పిల్లవాడికి మేలే చేసిందని నా అభిప్రాయం. గొంతును మాత్రమే అనుసరించాడు గనుక గొంతులోని జారుడంతా చేతికి వచ్చింది.

మాండొలిన్ ఇటలీ వాద్యం. రెండేసి తీగలు నాలుగు జతలు, మెట్లు ఉంటాయి, మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. పియానోకు ఉన్న చిక్కులన్నీ దీనికీ ఉన్నాయన్నమాట. శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు అయిదు కట్టించాడు. విద్యుత్ మాండొలిన్ పట్టాడు గనుక నాదం నిలిచింది. తీగను మెట్టు మీద లాగి, జార్చి గమకం రాబట్టాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో మొదటి కచేరీ చేశాడు, తొమ్మిదేళ్ల వయసు. పాలకొల్లు నుంచి గుడివాడకు రైలు భీమవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా కొల్లేరు దక్షిణపు అంచు వెంట పోతుంది. ఆ దారిని మనం ఎన్నిసార్లు తిరగలేదు! 1981లో మద్రాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. మద్రాసు పెద్దలలో కొందరు మొదట ఇదేం వాద్యమని ముఖం చిట్లించారు, విన్న తరువాత సర్దుకున్నారు. 1998లో పద్మశ్రీ. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల వంటివారి సరసన కూర్చుని దేశదేశాల వేదికల మీద వాయించాడు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే పోయాడు. తమ్ముడు రాజేష్ కూడా మాండొలిన్ విద్వాంసుడే.

శ్రీనివాస్ క్యాసెట్టు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. వాయించే యంత్రం లేదు, అది వేరే సంగతి.

మళ్లీ వస్తానన్న మాటకు వస్తున్నాను. కొల్లేరు వైపు ఒక ఊళ్లో డెబ్బై ఎనిమిదేళ్ల సన్నాయి వాయించే పెద్దాయన ఉన్నారు. పేరు వ్రాయమంటే వద్దన్నారు. తండ్రి, తాత ఆ ఊరి గుళ్లో బజంత్రీలు. నోట్లో పళ్లు పోయాక వాయింపు ఆగింది. సన్నాయికి పెదవి బిగువు ఆధారం, పళ్లు లేనిదే పెదవి నిలవదు. కొడుకు చేపల చెరువు మీద కాపలా. కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెట్టిస్తానని నేను కాగితాలు ముందేసుకు కూర్చున్నాను. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి ఒకటి అని ఉంది, మన తరం పల్లెల్లో సగంమంది ఆ రోజునే పుట్టినట్లున్నారు. వయసు వరకు ఫరవాలేదు. కళాకారుడని ఋజువేది? పెళ్లికి వాయించినందుకు రసీదు ఎవరిచ్చారు? గుళ్లో యాభై ఏళ్లు తెల్లవారుజామున భూపాలం ఊదినందుకు హాజరుపట్టీ ఎక్కడుంది? పురస్కారం అడిగితే, ఆయన లోపలికి వెళ్లి ఒక ఎర్ర పట్టు శాలువ తెచ్చి చూపారు. ఎవరు కప్పారో ఆయనకు గుర్తు లేదు. ఏ పెళ్లిలోనో మాత్రం గుర్తుంది, ఆ రోజు వాయించిన రాగం గుర్తుంది. మోహన.

ఆ శాలువ దరఖాస్తుకు జతచేయడానికి వీలు లేదు. అందుకని నేను వేరే దారి పట్టాను. ఆ ఊరి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో బజంత్రీ సర్వీసు పద్దు ఉంటే, అందులో ఆయన ముత్తాతగారి పేరు ఉండాలి. ఆ నకలు, దాని వెంట ఇనాముల రద్దు నాటి విచారణ కాగితం, దాని మీద వారసుల పేర్లు దొరికితే, నూట అరవై ఏళ్లుగా ఆ ఇల్లు సన్నాయి ఇల్లేనని ప్రభుత్వం చేతి వ్రాతలోనే చూపించవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి, కైకలూరు వైపు మండలాలు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాక, ఏ ఊరి రికార్డు ఏ గదిలో ఉన్నదీ చెప్పగలవాళ్లు తక్కువయ్యారు.

మన సభ్యులలో ఇనాం సెక్షనులో పనిచేసినవారు, రికార్డు గదులు చూసినవారు, ఆకివీడు, కైకలూరు, ఏలూరు తాలూకాల్లో సర్వీసు చేసినవారు ఎవరైనా బజంత్రీ ఇనాం పద్దులు చూసిన జ్ఞాపకం ఉంటే దయచేసి నాకు తెలియజేయండి. ఊరి పేరు, సుమారు సర్వే నెంబరు చాలు. నెలవారీ సమావేశం నాడు పది గంటలకే వస్తాను. సంఘం గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర, లైఫ్ సర్టిఫికెట్లు నింపేచోట ఉంటాను.